చిలుక ముక్కు

మన అంగళ్లలో ‘లవ్ బర్డ్స్’ అనే పేరుతో అమ్మే చిన్న పక్షులలో చాలా వరకు బడ్జరిగర్లే. ఇవి ఆస్ట్రేలియా మైదానాలలో గుంపులుగా సంచరించే చిలుకలు. మన రామచిలుకను పట్టి పంజరంలో ఉంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బడ్జరిగర్లు మాత్రం తరతరాలుగా మనుషుల వద్దనే పుట్టి పెరుగుతున్నాయి. ఆంగ్ల పక్షిశాస్త్రవేత్త జాన్ గౌల్డ్ 1840లో వీటిని ప్రాణంతో ఇంగ్లండుకు తీసుకొని వెళ్లాడు.

ముచ్చటపడి తెచ్చుకున్న చిలుక వేలు కొరికిన నాడు యజమాని ప్రేమ కోపంగా మారుతుంది. ‘ఇది పొగరుబోతు’ అనే ముద్ర పడుతుంది. ఇక ఆ పక్షికి పంజరమే లోకమవుతుంది. ఈ తీర్పు న్యాయమైనదేనా?

చిలుకకు ముక్కు ఆయుధం మాత్రమే కాదు, చేయి కూడా. అది ముక్కుతో కొమ్మను పట్టుకొని పైకి ఎక్కుతుంది, గింజల పొట్టు ఒలుస్తుంది, కొత్త వస్తువును తాకి తెలుసుకుంటుంది. పైగా ఆ ముక్కు జీవితాంతం పెరుగుతూనే ఉంటుంది. కొరకడం, నమలడం వల్ల అది అరిగి తగిన పరిమాణంలో నిలుస్తుంది. కొరకవద్దని చిలుకను శాసించడం పరుగెత్తవద్దని పసివానిని శాసించడం వంటిది. కనుక రంగు వేయని మెత్తని చెక్క, తాటాకు ముక్కలు, సముద్రపు నురుగు పంజరంలో ఉంచాలి. విద్యుత్ తీగలు, సీసం, జింకు పూత గల వస్తువులు దానికి ప్రాణాంతకం. వాటిని అందకుండా చూడాలి.

కరవడం వేరు. భయపడిన చిలుక మొదట వెనుకకు జరుగుతుంది, ఈకలను ఒంటికి బిగించుకుంటుంది, నోరు తెరిచి హెచ్చరిస్తుంది. ఆ సూచనలను లెక్కచేయక చేయి చాచినప్పుడు కరుస్తుంది. అప్పుడు చేతిని విదిలిస్తే, కరిస్తే చేయి తొలగిపోతుందని నేర్చుకుంటుంది. కొడితే నమ్మకమే నశిస్తుంది. అరవక, ఆవేశపడక, దానిని మెల్లగా కొమ్మపై దించి కొంతసేపు ఒంటరిగా విడవాలి. మరునాడు కొర్రకంకి చూపి, అది తనంతట తాను దగ్గరకు వచ్చే వరకు వేచి ఉండాలి. ఈ సాధన రోజుకు కొద్ది నిమిషాల చొప్పున కొన్ని వారాలు సాగాలి. సాధువైన పక్షి హఠాత్తుగా కరవసాగితే, అది అనారోగ్యమేమో పశువైద్యునికి చూపాలి.

మాటలు రాని ప్రాణి తన భయాన్ని ముందుగానే తెలుపుతుంది. దానిని గుర్తించగల ఓర్పు మనిషికి ఉంటే ముక్కు, వేలు రెండూ క్షేమంగా ఉంటాయి.