కోళ్ల ఫ్లూ మనుషులకు తేలిగ్గా ఎందుకు అంటదు?

ప్రశ్న: బర్డ్ ఫ్లూతో ఫారాల్లో కోళ్లు వేలల్లో చచ్చిపోతాయి కదా! పక్కనే తిరిగే మనుషులకు అరుదుగానే వస్తుందేం?

జవాబు: మంచి ప్రశ్న. కీలకమంతా వైరస్ ఒంటి మీద మేకుల్లా పొడుచుకొచ్చిన హీమగ్లూటినిన్ అనే ప్రోటీన్‌లో ఉంది. బర్డ్ ఫ్లూ వైరస్ హెచ్5ఎన్1 పేరులో 'హెచ్' అదే. ఒకే రకం ముక్కలు మూడు పెనవేసుకుంటే ఒక మేకు. దాని తలలో చిన్న గుంట ఉంటుంది. కణాల మీదుండే సియాలిక్ ఆమ్లమనే చక్కెర ఆ గుంటలో ఇమిడితేనే వైరస్ అతుక్కుంటుంది. ఆ చక్కెర తన కింది చక్కెరతో ముడిపడే తీరు పక్షుల్లో ఆల్ఫా 2,3. మన ముక్కు, గొంతుల్లో ఎక్కువగా ఆల్ఫా 2,6. హెచ్5 గుంటకు పక్షుల ముడే నప్పుతుంది. కానీ మన ఊపిరితిత్తుల లోతుల్లో పక్షుల తరహా ముడి కూడా ఉంది. సోకిన కొద్దిమందికీ న్యుమోనియా ముదరడానికి ఇదొక కారణం.

అతుక్కున్నాక జరిగేది నాకిప్పటికీ అబ్బురమే. కణం వైరస్‌ను చిన్న సంచిలో లోపలికి లాక్కుంటుంది. సంచిలో ఆమ్లత్వం పెరగ్గానే మేకు స్ప్రింగులా విచ్చుకుని, వైరస్ పొరనూ సంచి పొరనూ కలిపేస్తుంది.

మేకు తలలోని గుంటలో కొద్దిపాటి మార్పులతోనే, మనకు తేలిగ్గా అంటకుండా ఉన్న అడ్డు సడలవచ్చు. అందుకే చచ్చిన కోళ్లను వట్టి చేతులతో ముట్టుకోకండి.