చింతవేరు శిల్పము

హిందూపురము చింతపండు వర్తకమునకు పేరుగన్న పట్టణము. అచ్చటినుండి పెనుగొండ మీదుగా ధర్మవరము వఱకు నున్న నేలపై ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియును. ఇట్టి గట్టినేలలో బ్రతుకవలసిన చెట్టు నీటిని వెదకుచు తన వేళ్లను రాళ్ల సందులలో దూర్చి, వంచి, మెలివేసి లోతునకు దింపుకొనును. ముదిచింత కూలినపుడు దాని మ్రానును గానుగలకును, రోళ్లకును, కొయ్యసుత్తులకును కొనువారుండిరి. వంకరవేళ్లకును, మ్రానుపై లేచిన బుడిపెలకును వెలకట్టువారు అరుదు. గొడ్డలికైనను లొంగని ఆ భాగములు పొయ్యిలకును, ఇటుకబట్టీలకును పోవుట పరిపాటి. వేరుశిల్పము చేయువాడు కోరునది వానినే.

బుడిపె యనగా చెట్టు దేహముపై మానిన గాయము వంటిది. పురుగో, బూజో, దెబ్బయో సోకినచోట చిగుళ్లు పుట్టి, వెలికి రాలేక లోపలనే చిక్కుకొనును. వాని చుట్టును కొయ్య ఏటేట పేరుకొనును. తిన్నగా సాగవలసిన నార సుడులు తిరుగును. కోసి చూచిన కన్నులవంటి చుక్కలు కానవచ్చును. వడ్రంగికి అది దోషము. చిత్రిక పట్టిన పెచ్చులూడును. శిల్పికి అదియే అందము.

గురువు లేని విద్య గ్రుడ్డివిద్య యని సామెత. ఈ పనిలో ఆ మాట పూర్తిగా చెల్లదు. బల్లకును, తలుపునకును కొలతలు కలవు. వానిని ఒకరు మఱియొకరికి నేర్పవచ్చును. ఏ రెండు వేళ్లును ఒక్కతీరున నుండవు గనుక ఇచ్చట కొలతలు పనికిరావు. వేరును తలక్రిందులు చేసి, ప్రక్కకు త్రిప్పి, దినములకొలది చూచి తనంతట తాను నేర్చుకొనవలసినదే. వంగదేశపు చిత్రకారుడు అవనీంద్రనాథ ఠాకూరు (1871–1951) వార్ధకమున ఎండుపుల్లలను, వేళ్లను ఏరి పక్షులుగను, జంతువులుగను తీర్చి, వానికి 'కుటుమ్ కాటామ్' అని ముద్దుపేరు పెట్టెను. కుంచె పట్టుటలో అంతటి పేరు పొందిన వానికిని ఆ పని వేళ్లే నేర్పెను.

చూచుటకంటె కాచుకొనుట కష్టము. పచ్చికొయ్య బరువులో సగము వఱకు నీరుండవచ్చును. తొందరపడి చెక్కినచో ఎండునపుడు బొమ్మ ముఖమే పగులును. అందుచే కోసిన కొనలకు మైనము పూసి నీడలో నుంచుదురు. అంగుళము మందమునకు ఒక యేడని వడ్రంగుల లెక్క. వేరు పెరుగుచు మ్రింగిన గులకఱాళ్లను ముందుగా వెదకి తీయవలెను. ఒక్కటి మిగిలినను చాలు, ఉలి అంచు విఱుగును. పిదప చెక్కవలసినది స్వల్పమే. నెమలి మెడ వేరులోనే యున్నచో దానిని తాకరాదు. ముక్కును, కన్నును చూపి విడువవలెను. మితిమీఱి చెక్కినవానికి వేరు పోయి సామాన్యమైన బొమ్మ మిగులును.

హిందూపురమునకు చేరువనున్న లేపాక్షిలో 16వ శతాబ్దపు శిల్పులు పడియున్న గుండును కదల్పకయే సుమారు 27 అడుగుల పొడవుగల నందిగా మలచిరి. వేరుపై పనిచేయువానికి ఆ శిల్పులకున్న స్వేచ్ఛలో కొంతయే లభించును. చైనాలో 1982లో త్రవ్విన మాషాన్ సమాధియందు రెండువేల రెండువందల ఏండ్లకు పైబడిన వేరుజంతువు దొరకినది. దాని దేహపు మెలికలు చెట్టు ఇచ్చినవే.

బుడిపెకై బ్రతికియున్న చెట్టును కోయుట తగదు. ఆ గాయమునుండి కుళ్లు లోనికి దిగును. కూలినదియు, ఎండినదియు మాత్రమే ఈ పనికి తీసికొనవలెను.

ఇంత చేసినను అంగడిలో ఒక చిక్కు కలదు. కొండపల్లి అంబారీ ఏనుగు నచ్చిన వర్తకుడు అట్టివి నూఱు అడుగవచ్చును. వేరునెమలి నచ్చి రెండవది అడిగినచో శిల్పి ఇయ్యజాలడు. అట్టి వేరు మఱల దొరకదు. ఉన్న ఒక్కదానికే వెల చెప్పవలెను. ఆ వెలలో కొయ్య యెండుటకు పట్టిన యేండ్లను ఎట్లు కలుపవలెనో తోచక, చెక్కిన దినముల కూలి మాత్రమే అడిగి యిచ్చివేయువారు పెక్కురు.