కొత్త డిస్కు వేసినా రీబిల్డ్ ఆగిపోతోంది

ప్రశ్న: మా ఫొటో స్టూడియో నాస్‌లో నాలుగు 4 టీబీ డిస్కులు రెయిడ్ 5లో ఉన్నాయి. ఒకటి పాడైతే కొత్తది వేశాం. రీబిల్డ్ సగంలో ఆగి, కొత్తదే ఫెయిలైందంటోంది. ఏం చేయాలి?

జవాబు: ముందు ఫొటోలన్నీ బయటి డిస్కులోకి కాపీ చేసుకోండి. ఈ స్థితిలో ఇంకో పాత డిస్కు పోతే అంతా పోయినట్టే. తర్వాత కొత్త డిస్కు మోడల్ నంబరుతో అది ఎస్‌ఎంఆర్ రకమేమో కంపెనీ వెబ్‌సైట్‌లో చూడండి. ఎస్‌ఎంఆర్‌లో ట్రాకులు ఇంటిపెంకుల్లా ఒకదానిపై ఒకటి ఎక్కి ఉంటాయి. ఒకచోట తిరగరాయాలంటే పక్కవీ మళ్లీ రాయాలి. గంటల తరబడి రాతపనిలో అది జవాబివ్వడం ఆలస్యమైతే, పాడైందనుకుని నాస్ పక్కన పెట్టేస్తుంది. కొత్తది ఎస్‌ఎంఆరే అయితే, ట్రాకులు ఇలా ఎక్కి ఉండని సీఎంఆర్ డిస్కు తెచ్చుకోండి. ఇప్పటికే సీఎంఆరే అయితే పాత మూడింటి స్మార్ట్ రిపోర్టు (డిస్కు ఆరోగ్య నివేదిక) చూడండి. చదవలేని సెక్టార్లున్నా రీబిల్డ్ ఆగుతుంది. పాత డిస్కులను మాత్రం ఫార్మాట్ చేయకండి. రెయిడ్ ఉన్నా బ్యాకప్ వేరుగా ఉండాల్సిందే.