నోటిమాటతో నడచు ఫోను: పంచాయతి సభ్యులకు ఒక పాఠము

పల్నాటిసీమవారికి మాట బలమెట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు. ఏటేట కార్తిక మాసమున కారెంపూడిలో జరుగు వీరుల ఉత్సవములందు పల్నాటి వీరుల కథను నేటికిని పాడి వినిపించుచున్నారు. అక్షరము రానివారు సైతము ఆ కథను తరతరములుగా చెవితో విని నోట నిలుపుకొనిరి. నేడు మన ఊళ్ళకు వచ్చిన స్మార్టుఫోను మాత్రము వ్రేలికి, కంటికి, చదువునకు లోబడిన వస్తువైనది. వీనిలో ఏ ఒక్కటి లోపించినను అది జేబుకు బరువుగనే మిగులును. అయితే ఫోనును ముట్టకయే నోటిమాటతో నడపు విధానము కలదు. పంచాయతి సభ్యులు దానిని ముందుగా తాము నేర్చి, పిదప పదిమందికి నేర్పవలెనను కోరికతో ఈ పాఠమును వ్రాయుచున్నాము.

ఎవరికి అవసరము?

చేతులు పనిలో నున్నవారికిని, చేతులు పనిచేయనివారికిని ఇది అవసరము. పల్నాడులో పత్తి, మిరప ముఖ్యమైన పైరులు. పురుగుమందు కొట్టుచున్న రైతు ఫోను మ్రోగగనే అదే చేతితో తీసి చెంపకు ఆనించును. మందు చేతినుండి ఫోనునకు, ఫోనునుండి చెంపకు, సాయంత్రము ఆ ఫోనుతో ఆడుకొను పసిబిడ్డ చేతికి ప్రాకును. మిరపకాయలు కోయు స్త్రీల చేతిమంట సంగతి అందరెరిగినదే.

అంతకంటె ముఖ్యులు రెండవ తెగవారు. పక్షవాతము వలన చేయి పడిపోయినవారు, యంత్రములో చేయి పోగొట్టుకొన్నవారు దూరముననున్న బిడ్డతో మాట్లాడవలెనన్నను ప్రక్కవారిని పిలువవలసినదే. పింఛను సంగతి, వైద్యుని సలహా, ఇంటి గుట్టు అన్నియు ప్రక్కవారి యెదుటనే పలుకవలసి వచ్చును. ఒకరి సాయము లేక తన మాట తాను చెప్పుకొనగలుగుట చిన్న సుఖము కాదు. అది మనిషి గౌరవమునకు సంబంధించినది. సమాచార సాధనములు దివ్యాంగులకు అందుబాటులో ఉండవలెనని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము కూడ నిర్దేశించుచున్నది.

మూడు మెట్లు

మొదటి మెట్టు, చెప్పి వ్రాయించుట. 2017 ఆగష్టులో గూగుల్ సంస్థ తెలుగుమాటను విని అక్షరములుగా మార్చు సౌకర్యమును తన కీబోర్డునందు చేర్చినది. కీబోర్డు సెట్టింగులలో తెలుగును ఎన్నుకొని, మైకు బొమ్మను ఒకసారి నొక్కి మాట్లాడినచో వాక్యము తెరపై కనబడును.

రెండవ మెట్టు, పిలిచి పని చెప్పుట. ఆండ్రాయిడ్ ఫోనును "హే గూగుల్" అని పిలిచి, "అన్నయ్యకు ఫోన్ చెయ్యి", "రేపు ఉదయం ఐదు గంటలకు అలారం పెట్టు", "రేపు నరసరావుపేటలో వాన పడుతుందా" అని వాడుకమాటలోనే చెప్పవచ్చును. ఇందుకై ముందుగా సెట్టింగులలో తెలుగును ఎన్నుకొని, మన కంఠస్వరమును ఫోనునకు పరిచయము చేయవలెను. ఫోనులోని పేర్లను మనము పిలుచు రీతిగనే వ్రాసి ఉంచుకొన్నచో అది త్వరగా గుర్తించును. తెర తాళము వేసియున్నపుడు కూడ పిలుపును వినునో లేదో ముందే పరీక్షించుకొనుట మంచిది.

మూడవ మెట్టు, తెరనంతటిని మాటతో నడపుట. చేతులు పనిచేయనివారికి ఇదియే ముఖ్యము. గూగుల్ సంస్థ 2018లో "వాయిస్ యాక్సెస్" అను సాధనమును అందరికిని అందుబాటులోనికి తెచ్చినది. ఇది సెట్టింగులలో "యాక్సెసిబిలిటీ" క్రింద ఉండును. లేనిచో ప్లే స్టోరు నుండి ఉచితముగా తెచ్చుకొనవచ్చును. "షో నంబర్స్" అనగనే తెరపై నొక్కదగిన ప్రతిచోట ఒక అంకె నిలుచును. "ట్యాప్ ఫైవ్" అన్నచో 5వ చోటును వ్రేలితో నొక్కినట్లే యగును. "స్క్రోల్ డౌన్" అన్న తెర క్రిందికి జరుగును; "గో బ్యాక్" అన్న వెనుకకు, "గో హోమ్" అన్న మొదటికి వచ్చును. ఐఫోనులో 2019 నుండి ఇట్టిదే "వాయిస్ కంట్రోల్" అను పేర కలదు.

ఈ ఆజ్ఞలు ఇంగ్లీషు మాటలేయని జంకవలదు. మోటారు, స్టార్టరు, ఫ్యూజు అను మాటలను తనవిగా చేసికొన్న మన రైతునకు పది ఆజ్ఞలు బరువు కావు. వానిని తెలుగు అక్షరములలో పెద్దవిగా వ్రాసి మంచమునకు ఎదుటి గోడపై అంటించినచో కొద్ది దినములలోనే నోటికి వచ్చును.

జాగ్రత్తలు

యంత్రము వినును గాని విచారింపదు. పదిహేను అన్నది పదిహేడుగా పడవచ్చును. ఊరి పేరు, ఇంటి పేరు తారుమారు కావచ్చును. కావున వ్రాయించినదానిని చదివి, లేక చదివించుకొని, పిదపనే పంపవలెను. ఈ హెచ్చరిక సభ్యులకు వేరొక విధముగ కూడ వర్తించును. గ్రామ సభ మాటలను విని కార్యక్రమ వివరములను తయారుచేయు "సభాసార్" అను సాధనమును కేంద్ర పంచాయతీ రాజ్ మంత్రిత్వశాఖ 2025 ఆగష్టులో ప్రారంభించినది. యంత్రము వ్రాసినను సంతకము మనది. చదువక సంతకము చేయరాదు.

పిన్ నంబరును, ఓటీపీని ఎన్నడును నోటితో పలుకరాదు. మన గొంతును పోలిన గొంతునకు, రికార్డు చేసిన మాటకు కూడ ఫోను లోబడవచ్చును.

చేత ఫోను పట్టి వాహనము నడపుట 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము ప్రకారము శిక్షార్హము; 1,000 నుండి 5,000 రూపాయల వరకు జరిమానా గాని, జైలు గాని, రెండును గాని విధింపవచ్చును. మాటతో ఫోను నడపినను మనస్సు బాటపై నిలువదు. ట్రాక్టరును ఆపి మాట్లాడుటయే మేలు.

సిగ్నలు అందని చోట ఈ సదుపాయములలో పెక్కు పనిచేయవు. "108కి ఫోన్ చెయ్యి" అను మాటను నేర్పుడు. కాని అభ్యాసమునకై ఆ నంబరునకు ఫోను చేయింపకుడు. ఆ క్షణమున మరియొకరి ప్రాణము ఆ వరుసలో నుండవచ్చును.

సభ్యులు చేయదగిన పని

మీ వార్డులో చేతులు సాగనివారు ఎందరుండిరో మీరెరుగుదురు. వారిలో ఒక్కరితో మొదలుపెట్టుడు. వారి అనుమతితో, చదువుకొన్న యువకుని వెంటబెట్టుకొని వారి ఇంటికి పొండు. మొదటి దినమున ఫోనును సిద్ధము చేయుడు. రెండవ దినమున ప్రక్కన కూర్చుండి ఆజ్ఞలు పలికించుడు. మూడవ దినమున మౌనముగా చూడుడు. వారి ఫోనులోని సొంత విషయములను చూడవలదు. పిదప సెలవు తీసికొని ఇంటిదారి పట్టుడు. మీరు ఇల్లు చేరకమునుపే వారి ఫోను మీకు వచ్చినచో పాఠము పూర్తియైనట్లే.