నందకము - నొప్పింపని ఖడ్గము

శ్రీమన్నారాయణుని పంచాయుధములలో శంఖచక్రములను ఎరుగనివారుండరు. గదాశార్ఙ్గములను గూర్చియు పలువురు వినియుందురు. నందకమను ఖడ్గమును ప్రత్యేకముగా స్మరించువారు మాత్రము తక్కువ. నందకమనగా ఆనందింపజేయునది. కోసెడి ఆయుధమునకు ఈ పేరేల కలిగినది?

విష్ణుపురాణము ప్రథమాంశమున దీనికి సమాధానము కలదు. అచ్యుతుడు ధరించు నిర్మలఖడ్గము విద్యాస్వరూపమనియు, దానిని కప్పియున్న ఒర అవిద్య యనియు పరాశరమహర్షి మైత్రేయునకు ఉపదేశించెను. ఆ ఖడ్గము ఛేదించునది అజ్ఞానమునే గాని ఆశ్రితుని మేనిని గాదు. ఆళ్వారులలో పేయాళ్వారును, తెలుగునాట తాళ్లపాక అన్నమాచార్యులను (1408-1503) నందకాంశ సంభూతులుగా పెద్దలు కీర్తింతురు. పాశురములతోను, సంకీర్తనములతోను లోకుల చీకటిని తొలగించిన ఆ మహనీయులకు ఈ సంప్రదాయము ఎంతయు తగియున్నది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల సీమలవారికి ఖడ్గపు మాట క్రొత్తది కాదు. కోరుట్లకు పడమటగా, నిజామాబాదు జిల్లా కమ్మర్‌పల్లి ప్రాంతమున కోనసముద్రమను గ్రామమున్నది. పూర్వము అచ్చటి కమ్మరులు మట్టిమూసలలో ఇనుమును కరగించి మేలైన ఉక్కుముద్దలను సిద్ధము చేసెడివారు. వానిని కొనుటకు పారశీక వర్తకులు ఎంతో దూరమునుండి వచ్చెడివారు. ఆ పనితనమును చూచిన హెన్రీ వాయిసీ రచన 1832లో కలకత్తాలో ప్రచురితమైనది. ప్రసిద్ధములైన డమాస్కసు కత్తులకు ఇట్టి ఉక్కే మూలధనము. ఆ మూసలు చల్లారి చిరకాలమైనది. నేడు మన యిండ్లలో ఖడ్గమును చేయించుట యుద్ధమునకు గాదు; కొలువునకు, ఊరేగింపునకు, పసిబిడ్డల దైవవేషములకు మాత్రమే. ప్రయోజనము మారినప్పుడు పదార్థమును గూడ మార్చవలెను గదా!

ఈ మాట వ్రాయుటకు కారణమైన ఘటన యొకటి కలదు. కొన్నియేండ్ల క్రిందట కోరుట్ల దాపున ఒక భజనమందిరములో విజయదశమినాడు బాలుడొకడు స్వామివేషము ధరించెను. నూనెడబ్బా రేకును కత్తిరించి పెద్దలే అతనికి ఖడ్గము చేసి యిచ్చిరి. హారతివేళ అతడు దానిని త్రిప్పగా ప్రక్కనున్న చెల్లెలి అరచేయి తెగినది. పాట ఆగినది. పాప ఏడ్పుకంటె, “స్వామి కత్తి నన్నెందుకు కోసినది?” అని ఆమె అడిగిన ప్రశ్నయే మమ్ము ఎక్కువగా బాధించినది. తప్పు స్వామిది కాదు, బాలునిది కాదు. రేకును ఎన్నుకొన్న మాదే.

కావున పిల్లల చేతికిచ్చు ఖడ్గమునకు కర్రయే ఉత్తమము. అందును పొణికి కర్ర శ్రేష్ఠము. నిర్మల్ బొమ్మలను, కొండపల్లి బొమ్మలను చేయునది దీనితోనే. ఇది తేలికైనది, మెత్తనిది, ఉలికి సులభముగా లొంగునది. బాగుగా ఆరిన కర్రనే తీసికొనవలెను. పచ్చికర్ర ఆరునప్పుడు పగులును. పిడియు అలుగును ఒకే చెక్కనుండి తీసినచో, త్రిప్పునప్పుడు అలుగు ఊడి ఎగిరిపోదు. అంచును పలుచన చేయక చిటికెనవ్రేలంత మందముగా ఉంచి, మొనను గుండ్రముగా తీర్చి, గరుకుకాగితముతో నునుపు చేయవలెను. వెదురుబద్ద వలదు, చీలినచో పేడు గుచ్చుకొనును.

మెరుపు కావలెనన్నచో వెండికాగితము, బంగారుకాగితము చాలును. అద్దపుముక్కలను పొదుగరాదు. రంగుల విషయమున మరింత జాగ్రత్త వహింపవలెను. సీసము కలిసిన రంగు పసివారి నోటికి చేరినచో మెదడు ఎదుగుదలకు హాని కలుగును. 2016 నాటి కేంద్రప్రభుత్వ నియమముల ప్రకారము, ఇండ్లకు, అలంకరణకు వాడు రంగులలో సీసము పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదు. అటకపై మిగిలియున్న పాతరంగు డబ్బాలను ఇందులకు వాడరాదు. సీసము లేదని డబ్బాపై వ్రాసియున్న దానినే కొనవలెను. ఏటికొప్పాక పనివారు లక్కకు చెట్లనుండి తీసిన రంగులు కలిపి బొమ్మలకు పట్టించు పద్ధతి ఆదర్శప్రాయము.

దీపారాధన జరుగు చోట నిప్పును మరువరాదు. థర్మోకోలు క్షణములో అంటుకొనును. కరగి చర్మమునకు పట్టుకొనును. పాలిస్టరు గుడ్డయు అట్లే కరగును. పిడికి చుట్టుటకు నూలుగుడ్డ మేలు. మగ్గముల ఊరైన సిరిసిల్ల వారికి ఈ భేదము వేరుగా చెప్పనక్కరలేదు. అయినను నూలుకు నిప్పంటదని భావింపరాదు; వేషధారిని హారతికి దూరముగానే నిలుపవలెను. ఊరేగింపులో పొడవైన లోహఖడ్గమును పైకెత్తి విద్యుత్తు తీగల క్రింద నడచుట ప్రాణాపాయము. అచ్చటను కర్రయే క్షేమము.

ఉత్సవమూర్తికి సమర్పించునది వేరు. అది వెండి గాని, ఇత్తడి గాని కావచ్చును. ఇనుము తిరుమంజనపు తడికి త్రుప్పుపట్టి వస్త్రములను మరకపరచును. బరువు స్వామి హస్తమునకు భారము కాకుండ, అర్చకస్వామిని అడిగి, కొలత తీసికొని చేయింపవలెను. అలంకరించువారి వ్రేళ్లు తెగకుండ దాని అంచులను గూడ మొద్దుగా ఉంచవలెను.

పదును లేని కత్తి స్వామికి లోపమని కొందరు శంకింతురు. మన జగిత్యాల సీమలో గోదావరీతీరమున ధర్మపురి క్షేత్రమున వెలసిన నృసింహస్వామిని స్మరింపుడు. హిరణ్యకశిపుని సంహరించుటకు ఆ స్వామి ఏ ఆయుధమును పట్టలేదు. ప్రహ్లాదుని మాత్రము చేరదీసి తల నిమిరెను. అట్టి ప్రభువునకు మన చేతి కత్తి పదునుతో పనియేమి? ఆయనకు కావలసినది మన శ్రద్ధ. ఆయన పేర పట్టిన వస్తువువలన ఏ పసిచేయియు నొవ్వకుండుట. అట్లు చేసిన కొయ్యకత్తియే నందకమను పేరునకు తగును.

శ్రీమతే నారాయణాయ నమః