ఒక్క పదము కొఱకు: క్రైస్తవ సిద్ధాంత చరిత్రాధ్యయనము

1821వ సంవత్సర ప్రాంతమునఁ గలకత్తా నగరమున సువార్తలను వంగభాషలోనికిఁ దెచ్చుచుండిన పండితుల నడుమ నొక వివాదము పుట్టెను. యోహాను సువార్త మొదటి యధ్యాయము మూఁడవ వచనమున ‘దియా’ యను చిన్న గ్రీకు పదమొకటి యున్నది. సృష్టి యంతయు వాక్కు ‘చేతఁ’ గలిగెనని చెప్పవలెనా, వాక్కు ‘ద్వారమునఁ’ గలిగెనని చెప్పవలెనా? మొదటిది యన్నచో వాక్కే కర్త. రెండవది యన్నచోఁ గర్త వేఱొకఁడు, వాక్కు సాధనము. రామమోహన రాయలును బాప్టిస్టు మిషనరీ విలియం ఆడమును రెండవ యర్థమునే గ్రహించిరి. వారితోఁ బనిచేయుచుండిన యేట్సు దొర విరమించుకొనెను. ఆడము త్రిత్వ విశ్వాసమును విడిచి యేకేశ్వరవాది యయ్యెను. ఆదామునకు రెండవసారి పతనము సంభవించెనని తోడి మిషనరీలు పరిహసించిరఁట.

విభక్తి ప్రత్యయ మాత్రమున నొక మనుష్యుని మతమే మాఱిన దనిన విచిత్రముగాఁ దోఁచును. కాని క్రైస్తవ సిద్ధాంత చరిత్రలో నిది క్రొత్త కాదు. అంతకు మున్నే పదునైదు వందల యేండ్ల క్రిందట నొక్క పదము కొఱకు రోమను సామ్రాజ్యమంతయు నట్టుడికిపోయెను.

ఈజిప్టుదేశమున అలెగ్జాండ్రియా పట్టణమందు ఆరియసను గురువు, కుమారుఁడు తండ్రిచే సృజింపఁబడినవాఁడనియు, ఆతఁడు లేని దశ యొకటి యుండెననియు బోధించుచుండెను. ఆ పట్టణపు బిషప్పు అలెగ్జాండరు దానిని ఖండించెను. వివాదము తూర్పు సంఘములన్నిటను బ్రాకఁగా, కాన్‌స్టంటయిను చక్రవర్తి 325వ సంవత్సరమున నైసియాలో మహాసభను గూర్చెను. ఆ సభ కుమారుఁడు తండ్రితో ‘హోమొవూసియసు’, అనఁగా నేకసత్తాకుఁడని నిర్ణయించెను. తుదకు సమ్మతింపక నిలిచిన బిషప్పు లిద్దఱే. వారును ఆరియసును దేశభ్రష్టులైరి.

ఆ పదము బైబిలులో నెచ్చటను లేదు. అంతియగాదు, 268వ సంవత్సరమున అంటియోకు సభ వేఱొక వివాద సందర్భమున నీ పదమునే నిరాకరించినదని ఆ కాలపు గ్రంథకర్తలే వ్రాసియున్నారు. కైసరయ యూసెబియసు దానిపై సంతకముచేసి, తా నేయర్థమున నంగీకరించెనో సమాధానము చెప్పుకొనుచుఁ దన సంఘమునకు జాబు వ్రాసికొనవలసి వచ్చెను. సంతకముచేసి యింటికిఁ బోయిన పిదప దాని కర్థము చెప్పుకొనువారిని మన సభలలోను జూచుచునే యుందుము.

ఇంతమాత్రము చదివి, త్రిత్వము రాజాజ్ఞ వలనఁ బుట్టినదని తీర్మానించువారు మనలోఁ బలువురు గలరు. అది తొందరపాటు. చక్రవర్తి కొన్ని యేండ్లకే మనసు మార్చుకొని ఆరియసును రప్పించెను; నైసియా నిర్ణయమునకుఁ బ్రాపుగా నిలిచిన అథనేసియసును 335లో వెడలఁగొట్టెను; 337లో మరణశయ్యపై ఆరియసు మిత్రుని చేతనే బాప్తిస్మమందెను. అతని కుమారుఁడు కాన్‌స్టాంషియసు నైసియాకుఁ బ్రతిపక్షి. అథనేసియసు అయిదుమాఱులు ప్రవాసమునకుఁ బోయెను. 380లో థియొడోషియసు శాసనము వెడలు దాఁక రాజబలము నేఁ డొకవైపు ఱే పొకవైపుగాఁ దిరుగుచునే యుండెను. రాజబలము సిద్ధాంతమును నిలిపినదనుట కొంత నిజము. పుట్టించినదనుట నిజము కాదు.

ఇఁక నీ చరిత్రలో నాకు మిక్కిలి ముఖ్యముగాఁ దోఁచు నంశ మొకటి. నైసియా ప్రమాణము తుదను, కుమారుఁడు తండ్రికంటె వేఱైన ‘హైపొస్టాసిసు’ లేక ‘ఊసియా’ నుండి కలిగెననువారికి శాపము విధింపఁబడెను. అనఁగా నాఁ డా రెండు పదములు నించుమించుగా నేకార్థకములు. తరువాతి యేఁబదియేండ్లలో బేసిలు మొదలగు కప్పడోకియా పండితులు వానిని వేఱుపఱిచి, ఊసియా యొక్కటి, హైపొస్టాసిసులు మూఁడని స్థిరపఱిచిరి. తండ్రికిఁ గుమారునికి వేర్వేఱు హైపొస్టాసిసులని పలుకుట 325లో శాపమునకు లోనగు మాట. 381లోఁ గాన్‌స్టాంటినోపిలు సభ నాఁటికి సనాతనవిశ్వాసపు మాట! భావము మాఱలేదు, పదములే మాఱినవని వేదాంతులు సమాధానము చెప్పుదురు. అది కొంతవఱకు న్యాయమే. 362లో అథనేసియసు తానే అలెగ్జాండ్రియాలో సభ జరిపి, ఉభయపక్షములవారి యుద్దేశ మొక్కటియే యని యొప్పించెను. అయినను, మాఱుచున్న పదములపై మాఱని శాపములను గట్టుట యెంత ప్రమాదమో యిట తెల్లమగుచున్నది.

అథనేసియసు కేవలము పదములకొఱకు బోరాడినవాఁడనుట యన్యాయము. రక్షించువాఁడు సృష్టిలోని వాఁడే యైనచో, సృష్టిని దైవమునొద్ద కెట్లు చేర్పఁగలఁడని యాతని ప్రశ్న. అది తర్కము కాదు, భక్తుని యాక్రందనము. దానికి మన యుత్తరము వేఱు: జీవునకును బరమాత్మకును నడుమ మధ్యవర్తి యక్కఱలేదని మనము నమ్ముదుము. కాని యా ప్రశ్నలోని యార్తి నెఱుఁగనివాఁడు దానిని ఖండించుట కర్హుఁడు కాఁడు.

ఒక గ్రంథపాఠ విషయమును జెప్పి ముందుకుఁ బోవుదును. యోహాను మొదటి పత్రిక యయిదవ యధ్యాయమున, పరలోకమందలి ముగ్గురు సాక్షులఁగూర్చిన వాక్యమును ఎరాస్మసు పండితుఁడు 1516, 1519 సంవత్సరముల గ్రీకు ముద్రణములలోఁ జేర్పలేదు, 1522లోఁ జేర్చెను. అది ప్రక్షిప్తమని న్యూటను 1690లో వ్రాసిన విమర్శ యాతని మరణానంతరము 1754లో నచ్చయ్యెను. 1881 నాఁటి ఇంగ్లీషు సవరణ బైబిలులో నా వాక్యము తొలఁగింపఁబడెను. తొలఁగించినవారు క్రైస్తవ పండితులే యని మఱవరాదు.

ఈ మార్పులను వృద్ధి యందుమా, వికారమందుమా? న్యూమను 1845లోఁ బ్రకటించిన గ్రంథమున, సజీవమైన భావము పెరుఁగక తప్పదనెను. 1886 మొదలు హర్నాకు వ్రాసిన చరిత్రమున, సువార్త నేలపై గ్రీకు బుద్ధి కట్టిన కట్టడమే సిద్ధాంతమనెను. నేను హర్నాకు పక్షమునకే మొగ్గుదును. అయినను న్యూమను ప్రశ్న మనలను విడువదు. వేదములు నిర్దోష ప్రమాణములని మొదట నమ్మిన మన సమాజము, దేవేంద్రనాథ ఠాకూరు కాశికిఁ బంపిన విద్యార్థులు తిరిగివచ్చి, విచారణ జరిగిన పిదప, 1850 ప్రాంతమున నా నమ్మికను విడిచెను. 1828లోఁ బుట్టిన సమాజము 1866లో నొకసారి, 1878లో మఱియొకసారి చీలెను. మనది వృద్ధియు, వారిది వికారమును అనుటకుఁ గొలబద్ద యెద్ది? మన మార్పులకును నా కొలబద్దనే పెట్టనిచో, మనము వ్రాయునది చరిత్రము గాదు, వకాల్తా.

ఈ విషయమును స్వయముగాఁ జదువఁగోరువారు మొదట మార్కు సువార్త నొక్క కూర్చుండులోఁ జదివి, పిదప యోహాను మొదటి యధ్యాయమును జదువవలెను. ఆ మీఁద యూసెబియసు జాబును, 325, 381 సంవత్సరముల ప్రమాణములను బ్రక్కప్రక్కన నుంచుకొని, పరిశుద్ధాత్మను గూర్చి మొదటిదానిలో నెన్ని మాటలున్నవో, రెండవదానిలో నెన్ని యున్నవో లెక్కింపవలెను. మొదటిదాని తుదనున్న శాపవాక్యము రెండవదానిలోఁ గానరాదు. దాని నేల విడిచిరో యోజింపవలెను.