నాయన కోపం, నాయన ఋణం

మా నాయన కోపిష్టి. గొంతు లేస్తే ఇల్లంతా వణికేది. ఆ నాయనే దొర దగ్గర అప్పు చేసి నన్ను బి.ఏ. చదివించాడు. మొన్న బిడ్డ మీద అరిస్తే, నా నోట్లో ఆయన గొంతే వినబడింది.

అంగుత్తర నికాయంలో బుద్ధుడు అంటాడు: అమ్మానాన్నల్ని చెరో భుజాన నూరేళ్లు మోసినా ఋణం తీరదు, శీలం లేని తల్లిదండ్రుల్ని శీలంలో, ప్రజ్ఞ లేనివాళ్లని ప్రజ్ఞలో నిలబెడితేనే తీరుతుంది. చూడండి, వాళ్లలో లోపాలుంటాయని బుద్ధుడికి తెలుసు. అయినా కృతజ్ఞత వద్దనలేదు.

నాయన ఇప్పుడు లేడు. ఆయన కోపం నాలో ఉంది. అంటే శీలంలో నిలబెట్టాల్సింది ఇక నన్నే. కోపమొస్తే వాకిట్లోకొచ్చి శ్వాస గమనిస్తున్నా. అయినా రెండుసార్లు అరిచాను. బిడ్డకు క్షమాపణ చెప్పాను. నాయన ఎప్పుడూ చెప్పలేదు, ఆయనకెవరూ నేర్పలేదు.